గడువు లేని శిక్ష: ఒక మాజీ సైనికుడి నైతిక గాయంపై కేస్ స్టడీ

కర్నూలులో మానసిక వైద్యురాలిగా పనిచేస్తున్న నా దగ్గరికి మాజీ సైనికులు తమంతట తాము రావడం అరుదు. భార్యో, అన్నదమ్ములో తీసుకొస్తారు. తీసుకొచ్చేటప్పుడు చెప్పే సమస్య దాదాపు ఎప్పుడూ మద్యమే. ఈ కేసు కూడా అలాగే మొదలైంది. దీన్ని వివరంగా రాయడానికి కారణం, పోరాట అనుభవాల తరువాత వచ్చే మానసిక సమస్యలకు మేము మామూలుగా వాడే రెండు మంచి పద్ధతులు ఇందులో పనిచేయలేదు. ఎందుకు పనిచేయలేదో ఆలోచించినప్పుడే చికిత్సకు దారి దొరికింది. ఆయన, ఆయన భార్య ఇద్దరూ రాతపూర్వకంగా అనుమతి ఇచ్చారు. ఊరు, రెజిమెంటు, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. చికిత్స నిర్ణయాలకు సంబంధించినవి మాత్రం జరిగినవి జరిగినట్టే ఉన్నాయి.

నేపథ్యం

ఆయన వయసు యాభైకి దగ్గరగా ఉంటుంది. కర్నూలు జిల్లా మెట్ట ప్రాంతంలో గొర్రెలు మేపుకొనే కుటుంబంలో పుట్టి, పదో తరగతి తరువాత సైన్యంలో చేరి, పదాతి దళంలో పనిచేసి హవల్దారుగా పదవీ విరమణ చేశారు. ఊళ్లో ఎవరూ ఆయన్ను పేరుతో పిలవరు, ‘మిలిటరీ ఆయన’ అంటారు. పెన్షన్ వస్తుంది, ఇల్లు కట్టుకున్నారు, కూతురికి పెళ్లి చేశారు, కొడుకు చదువుకుంటున్నాడు. జిల్లాలో సోలార్ ప్లాంట్లు వచ్చాక చాలామంది మాజీ సైనికులకు దొరికినట్టే ఆయనకూ ఒక ప్లాంటులో సెక్యూరిటీ ఉద్యోగం దొరికింది. సర్వీసు రికార్డులో మచ్చ లేదు. సర్వీసులో ఉండగా మానసిక చికిత్స తీసుకున్న చరిత్ర గానీ, కుటుంబంలో అలాంటి జబ్బులు గానీ లేవు.

సాయంత్రం రెండు పెగ్గులు రమ్ము తాగే అలవాటు సర్వీసులో మొదలై, ఇంటికి వచ్చాక కూడా క్యాంటీన్ కోటాతో సాగింది. అది మితం దాటింది మా దగ్గరికి రావడానికి ఏడాది ముందు నుంచి మాత్రమే అని భార్య చెప్పింది. ఈ ఒక్క మాట నాకు ముఖ్యమనిపించింది. ఇరవై ఏళ్లకు పైగా అదుపులో ఉన్న అలవాటు ఒక్కసారిగా అదుపు తప్పిందంటే, దాని వెనక ఏదో కొత్తగా కదిలి ఉండాలి.

తీసుకొచ్చిన సమస్య

మధ్యాహ్నం నుంచే తాగుతున్నారు. రాత్రి నిద్ర లేదు. ఉద్యోగం మానేశారు. ఇవన్నీ చెప్పాక భార్య కాసేపు ఆగి, అడిగితే తప్ప చెప్పని కొన్ని విషయాలు చెప్పింది. అందరూ తిన్నాక మిగిలింది తింటారు, వేడన్నం పెట్టినా చల్లారేదాకా ముట్టరు. మంచం ఉండగా, చలికాలంలో కూడా, దుప్పటి లేకుండా బండల మీద పడుకుంటారు. కూతురు కాన్పుకు పుట్టింటికి వచ్చింది; మనవడు పుట్టాడు; ఆ పిల్లవాణ్ణి ఇంతవరకు చేతుల్లోకి తీసుకోలేదు. తొట్లో వేసే రోజున బంధువులంతా ఇంట్లో ఉంటే ఆయన తెల్లవారకముందే ఎటో వెళ్లిపోయి చీకటి పడ్డాక వచ్చారు. “పిల్లకు నాయినంటే ప్రాణం మేడమ్. మగపిల్లోడు పుడితే గూడా ఎత్తుకోలేదని ఒకటే ఏడుపు. మనిషికి ఏమైందో మాకు తెలీదు,” అంది ఆమె.

చల్లారిన అన్నం, చలిలో బండలు, ఎత్తుకోని మనవడు. మద్యానికి బానిసైన వారి ఇళ్లలో నేను వినే కథలో ఈ మూడూ ఉండవు. సుఖం కలిగే చోటల్లా తనను తాను పక్కకు నెట్టుకుంటున్న మనిషి కనిపించాడు. కుంగుబాటులోనూ మనిషి సుఖానికి దూరమవుతాడు, కానీ అక్కడ సుఖం రుచించదు. ఇక్కడ రుచించకపోవడం కాదు, తనకు అర్హత లేదన్నట్టు వదులుకోవడం. శిక్ష అనుభవిస్తున్నవాడి నడవడిక ఇది.

అంతకు ముందు చేసినవి

కుటుంబం మొదట జ్యోతిష్యుడి దగ్గరికి వెళ్లింది. శని దోషమన్నారు, శాంతి చేయించారు. ఆయన పీట మీద కూర్చొని చెప్పినవన్నీ చేశారు, ఏమీ మారలేదు. ఇలాంటి క్రతువులను కొట్టిపారేసే అలవాటు నాకు లేదు. చాలామందికి వాటి వల్ల నిజమైన ఊరట దొరకడం చూశాను. అయితే ఇక్కడ శాంతి చేసింది గ్రహానికి, బరువు ఉన్నది మనిషి చేసిన పని మీద. తప్పు గ్రహాలదని అందరూ చెబుతుంటే, తనదని తెలిసినవాడు ఇంకా ఒంటరివాడవుతాడు.

తరువాత ఒక మద్యవిముక్తి కేంద్రంలో తాగితే ఒళ్లు చెడేలా చేసే డైసల్ఫిరామ్ మాత్ర ఇచ్చారు. తాగుడు మానేశారు కూడా. మానేసిన వారాల్లోనే నిద్ర పూర్తిగా పోయి, చచ్చిపోతే బాగుండునన్న మాటలు మొదలయ్యాయి. కుటుంబం భయపడి మాత్ర ఆపేసింది, తాగుడు తిరిగి వచ్చింది. ఈ చరిత్ర వింటే ఒక సంగతి అర్థమవుతుంది: మద్యం కింద ఏముందో చూడకుండా, దాన్ని ఎదుర్కోవడానికి తోడు లేకుండా మద్యాన్ని మాత్రమే తీసేస్తే ప్రమాదం తగ్గదు, పెరుగుతుంది.

మొదటి నిర్ణయాలు: ప్రాణరక్షణ

కాబట్టి మొదట అడిగింది ఆత్మహత్య ఆలోచనల గురించి. సూటిగా అడిగాను, సూటిగానే చెప్పారు. సెక్యూరిటీ ఉద్యోగం కోసం తీసుకున్న లైసెన్స్ తుపాకీ ఇంట్లో ఉంది. మాజీ సైనికులను చూసే ప్రతి వైద్యుడూ ఈ ప్రశ్న అడిగి తీరాలి. మన జిల్లాల్లో దీనితోపాటు పొలం మందుల గురించి కూడా అడగాలి. తుపాకీని ఇంట్లోంచి తీయించడం సైనికుడికి అవమానంగా తోచే పని. కానీ ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్స్ తుపాకులు పోలీస్ స్టేషన్‌లో అప్పగించడం రాయలసీమలో అందరికీ అలవాటే. “ఎలక్షన్లప్పుడు పెట్టినట్టే కొన్నాళ్లు పెట్టండి,” అన్నాను. మరుసటి రోజే తమ్ముణ్ణి వెంటబెట్టుకొని వెళ్లి అప్పగించారు. పురుగుమందుల డబ్బాలు తమ్ముడి ఇంట్లో తాళం కిందికి వెళ్లాయి. రాత్రివేళ ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ఫోన్ చేయడానికి ప్రభుత్వ మానసిక సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416 ఇంటి గోడ మీద రాయించాం.

మద్యం మాన్పించడం ఆసుపత్రిలో చేర్చే చేశాం. కాలేయ పరీక్షల్లో తేడాలు ఉండటంతో తాగుడు ఆపినప్పుడు వచ్చే ఇబ్బందులను అదుపు చేయడానికి లోరాజెపామ్ ఎంచుకున్నాం, థయమిన్ (బి1 విటమిన్) ఇచ్చాం. డైసల్ఫిరామ్ మళ్లీ మొదలుపెట్టలేదు. చావు గురించి ఆలోచిస్తున్న మనిషికి, తాగితే ఒళ్లు చెడే మందు ఇవ్వడం సరికాదని నా అభిప్రాయం. కుంగుబాటుకు సెర్ట్రలిన్ మొదలుపెట్టాం. దీని గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు. మందులు వాటి పని అవి చేశాయి, నిద్ర కొంత నిలబడింది, మాట్లాడటానికి కావలసినంత తెరిపి వచ్చింది.

మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ కార్డు ఉండి కూడా అక్కడికి ఎందుకు వెళ్లలేదని అడిగితే, అక్కడ తెలిసినవాళ్లు కనిపిస్తారన్నారు. తాను చెప్పేది బయటికి పోతే పెన్షన్‌కు ఇబ్బంది వస్తుందన్న భయం కూడా ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాల గోప్యతను హక్కుగా ఇచ్చిందనీ, ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాల్లో మాత్రమే దానికి మినహాయింపు ఉందనీ ఆ సందర్భాలతో సహా వివరించాను. మినహాయింపులు దాచి ‘అంతా రహస్యమే’ అని ఉంటే ఆయన నమ్మేవారు కాదని ఇప్పటికీ అనుకుంటాను. నిబంధనల మధ్య బతికిన మనిషికి నిబంధన పూర్తిగా చెప్పడమే గౌరవం.

అసలు సంగతి

ఏడాది కింద ఏం జరిగిందో మొదట చెప్పారు. ప్లాంటు కంచె ఒకచోట కింద తెగి ఉంది. ప్యానెళ్ల మధ్య మొలిచిన గడ్డి కోసం మేకలు లోపలికి వచ్చాయి, వాటి వెనక పదేళ్ల పిల్లవాడు. తోటి గార్డు అరిస్తే పిల్లవాడు నవ్వుతూ ఇంకా లోపలికి పరుగెత్తాడు. ఈయన వెళ్లి ఆ పిల్లవాడి మణికట్టు పట్టుకున్నారు, పట్టుకొని వదల్లేకపోయారు. పిల్లవాడు ఏడుస్తున్నాడు, సూపర్‌వైజర్ వచ్చి ఒక్కొక్క వేలూ విడదీయాల్సి వచ్చింది. ఆ రాత్రే తాగుడు మితం దాటింది. కొన్నాళ్లకే కూతురు తాను గర్భవతినని ఫోన్ చేసింది.

దీని వెనక ఉన్నది చెప్పడానికి ఇంకా చాలా వారాలు పట్టింది. 2001 డిసెంబర్‌లో పార్లమెంటు మీద దాడి తరువాత, ఆపరేషన్ పరాక్రమ్ పేరుతో సైన్యం పశ్చిమ సరిహద్దుకు కదిలింది. రాజస్థాన్, పంజాబ్, జమ్మూ కశ్మీర్‌లలో సరిహద్దు వెంబడి, పంట భూముల్లో కూడా మందుపాతరలు పాతారు. యుద్ధం జరగలేదు; 2002 అక్టోబర్‌లో బలగాలను వెనక్కి పిలవాలని నిర్ణయించారు. కానీ ఆ నెలల్లోనూ, తరువాత వాటిని తీసేటప్పుడూ సైనికులు, రైతులు, పశువులు వాటి బారిన పడ్డారు. ఆయన అప్పుడు నాయక్, హవల్దారు కంటే కింది హోదా. పాతర్లు పెట్టిన భూమి చుట్టూ ముళ్లతీగ కంచె వేసి ఎర్రటి గుర్తులు కట్టేవారు. దగ్గరి పల్లె నుంచి ఒక మేకల పిల్లవాడు పోస్టు వైపు వచ్చేవాడు. గొర్రెల మధ్య పెరిగిన ఈయనకు ఆ పిల్లవాడంటే మక్కువ. రేషన్‌లో వచ్చే శకర్‌పారాలు (తీపి బిస్కెట్ల లాంటివి) రుమాలులో దాచి పెట్టేవారు. వాడు ఈయన్ను ‘ఫౌజీ చాచా’ (మిలిటరీ చిన్నాన్న) అనేవాడు.

ఇక్కడ కూతురు పుట్టిందని ఉత్తరం వచ్చింది. సెలవు మంజూరైంది, తెల్లవారి బయలుదేరాలి. ఆ సాయంత్రం గస్తీ నుంచి తిరిగి వస్తూ, ఇసుక గాలికి ఒకచోట కంచె గుంజలు ఒరిగి తీగ ఇసుకలో పూడిపోయి ఉండటం చూశారు. చెబితే మరమ్మతు పార్టీ కట్టాలి, ఆ చోటు చూసినవాడు కాబట్టి తనను ఆపుతారు, సెలవు వెనక్కి పోతుంది. ఎవరో ఒకరు పొద్దున చూస్తార్లే అనుకున్నారు. చెప్పలేదు. సెలవు మీద ఊరికొచ్చి కూతుర్ని ఎత్తుకున్నారు.

తిరిగి వెళ్లేసరికి ఆ పిల్లవాడు లేడు. గాలికి కంచె పడిపోవడం వల్ల జరిగిన ప్రమాదమని తేల్చారు. ఈయన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఒక రోజు పోస్టు దగ్గరికి ఆ పిల్లవాడి తండ్రి వచ్చాడు. ఈయన్ను గుర్తుపట్టి, కూతురు పుట్టిందట కదా, ఎలా ఉందని అడిగాడు. కొడుకు ఇంట్లో చెప్పాడట.

“ఆ మాట మేడమ్,” అన్నారు ఆయన. “బాంబు మోత నేను విన్లేదు. రక్తం చూడ్లేదు. ఆయప్ప అడిగిన మాట మాత్రం ఇంగా వినపడతాది. నా బిడ్డను చూసుకోను పోయినా, ఆయప్ప బిడ్డ పోయినాడు.”

రోగ నిర్ధారణ

ఘోరమైన ఘటన తరువాత మిగిలే మానసిక రుగ్మత పీటీఎస్‌డీ; దాని లక్షణాలను కొలిచే పీసీఎల్-5 ప్రశ్నావళిలో మార్కులు ఎక్కువగానే వచ్చాయి, కానీ ఆ ఇరవై ప్రశ్నల్లో ఎక్కడెక్కడ వచ్చాయన్నదే చూడాలి. అపరాధ భావం, సిగ్గు, తన మీద తనకు అసహ్యం, గుర్తుకు తెచ్చేవాటి నుంచి తప్పుకోవడం – వీటిలో అన్నీ పైకే. ఉలికిపాటు, ప్రమాదం పొంచి ఉందన్న భయం – దాదాపు లేవు. పైగా ఆయన పేలుడును చూడలేదు, తన ప్రాణానికి ముప్పు లేదు. మానసిక రుగ్మతల అమెరికా వర్గీకరణ డీఎస్ఎం-5లో పీటీఎస్‌డీకి ఉన్న మొదటి షరతు ఇక్కడ సరిగా కుదరదు. గతంలో చూపించుకున్న చోట ‘యుద్ధంలో పాల్గొనలేదు కదా’ అని ఆ ప్రశ్న అక్కడితో మూసేశారట. యుద్ధం లేని మోహరింపు నుంచి కూడా మనిషి గాయంతో తిరిగి రావచ్చన్నది ఈ కేసు చెప్పే మొదటి సంగతి.

బోస్టన్‌లో వియత్నాం సైనికులకు చికిత్స చేసిన జోనథన్ షే 1990లలో నైతిక గాయమన్న భావనను, అంటే తాను నమ్మిన ధర్మం భంగమైనప్పుడు మనసుకు తగిలే దెబ్బను, ముందుకు తెచ్చారు. ఆయన దృష్టి ప్రధానంగా పైఅధికారులు న్యాయాన్ని వమ్ము చేయడం మీద ఉంది. 2009లో బ్రెట్ లిట్జ్, ఆయన సహచరులు ఆ భావనను విస్తరించి, తాను గట్టిగా నమ్మిన ధర్మానికి విరుద్ధమైన పని చేయడం, ఆపగలిగి ఆపకపోవడం, చూస్తూ ఉండాల్సి రావడం – ఇవన్నీ అందులోకి వస్తాయన్నారు. మా కేసు వీటిలో రెండోదానికి, ఆపగలిగి ఆపకపోవడానికి, చెందింది. నైతిక గాయం ఒక ప్రత్యేక వ్యాధిగా వర్గీకరణల్లో లేదు. ఫైల్లో మేము రాసింది తీవ్రమైన కుంగుబాటు, మద్య వ్యసనం. చికిత్సకు దారి చూపింది మాత్రం ఫైల్లో లేని మాటే.

పనిచేయని రెండు పద్ధతులు

మొదట చేసింది ఎక్స్‌పోజర్ పద్ధతి: జ్ఞాపకాన్ని సురక్షితమైన చోట పదేపదే వివరంగా చెప్పించడం. భయం ఆధారంగా నిలిచిన జ్ఞాపకానికి ఇది బలమైన చికిత్స. భయపడినది జరగడం లేదని మెదడు మళ్లీ మళ్లీ నేర్చుకుంటే ఉద్వేగం తగ్గుతుంది. తప్పించుకు తిరగడం ఆయనలో చాలా ఎక్కువగా ఉండటం వల్ల దీనితో మొదలుపెట్టడం సమంజసం. చెప్పడం వల్ల ఒక మేలు జరిగింది, ఇరవై ఏళ్ల మౌనం వీడింది. కానీ ఒక వారానికి, తరువాతి వారానికి మధ్య బాధ తగ్గలేదు. ఒరిగిన గుంజ దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ఆయన మొహంలో భయం కాదు, తీర్పు కనిపించేది. ప్రతి కథనమూ సాక్ష్యమై అదే తీర్పును ఖాయం చేస్తోంది. ఇందులో మెదడు కొత్తగా నేర్చుకోవడానికి ఏముంది? తీగ పడిపోయింది, ఆయన చూశారు, చెప్పలేదు. నూరుసార్లు చెప్పినా అది మారదు. కాబట్టి ఆపాం.

రెండోది ఆలోచనలను పరీక్షించే పద్ధతి. జరిగినదానికి కారణాలన్నీ రాసి, ఒక్కోదానికి ఎంత భాగమో వేయించి, ‘అంతా నా వల్లే’ అన్న నమ్మకాన్ని సడలించడం. పాతర్లు పెట్టాలన్నది ఆయన నిర్ణయం కాదు. గాలి ఆయన చేతిలో లేదు. మరుసటి ఉదయం గస్తీ కూడా గమనించలేదు. పల్లెవాళ్లను వేరే దారిలో పొమ్మని చెప్పి ఉన్నారు. అన్నీ కాగితం మీదికి వచ్చాయి. ఆయన శ్రద్ధగా చూసి, కాగితాన్ని మెల్లగా నా వైపు జరిపి, “మీరు నా మంచికే చెప్తారు మేడమ్. కానీ నేను చూసినా కదా,” అన్నారు.

ఆ మాటలో వాదన ఉంది, అది సరైన వాదన. ఈ పద్ధతి నడిచేది అపరాధ భావంలో పొరపాటు ఉందన్న ఊహ మీద. బతికి బయటపడ్డందుకు బాధపడేవారిలో, హింసకు గురై తమనే నిందించుకునేవారిలో ఆ ఊహ నిజం, అందుకే అక్కడ ఫలితం ఉంటుంది. ఇక్కడ అపరాధ భావం పరిమాణంలో తప్పు ఉండవచ్చు గానీ మూలంలో తప్పు లేదు. నిజమైన తప్పును లేదని ఒప్పించబోతే రోగి రెండింటిలో ఒకటి అనుకుంటాడు: ఈ డాక్టరుకు విషయం అర్థం కాలేదు, లేదా ఈ డాక్టరు దృష్టిలో ఆ పిల్లవాడి ప్రాణానికి విలువ లేదు. ఆయన వేసుకున్న శిక్షలో ఆ పిల్లవాడి మీద ప్రేమ కూడా ఉంది. శిక్ష వదిలేయడమంటే వాణ్ణి వదిలేయడంలా ఆయనకు తోచింది.

ఒప్పుకున్నవాడు

ఈ దశలో ఒక విశ్రాంత సుబేదారు సాయం అడిగాను. కుదురుగా వినగలిగిన మనిషి, మాజీ సైనికుల వ్యవహారాలు చూసిన అనుభవం ఉంది. రోగి అనుమతితో ముగ్గురం కూర్చున్నాం. తోటి సైనికుడు ఎందుకన్నదానికి నాకున్న కారణం ఒక్కటే: కంచె పడిపోవడం చూసినవాడు ఏం చేసి ఉండాలో చెప్పే అధికారం నాకు లేదు, సుబేదారుకు ఉంది.

సుబేదారు అంతా విని, చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “రిపోర్టు చేయాల్సిందే. చేయలేదు. అది తప్పే,” అన్నారు. ఓదార్చలేదు. “సెలవు పోతుందని రిపోర్టు దాచినోళ్లు నాకు తెలుసు. నా కింద ఉన్నారు. వాళ్ల కంచెలోకి ఎవరూ రాలేదు, అంతే తేడా,” అని కూడా అన్నారు.

మా రోగి మొదటిసారి ఏడ్చింది అప్పుడే. బయటికి వెళ్తూ, “ఇన్నేండ్లకు ఒకరు ఒప్పుకున్నారు,” అన్నారు. తప్పును తప్పని ఇంకొకరు అనడం వల్ల ఆయనకు కలిగిన ఊరట మా మాటల వల్ల కలగలేదు. విచారణలో ఎవరూ అడగకపోవడం అప్పట్లో ఆయన్ను కాపాడినట్టే కనిపించి ఉంటుంది. నిజానికి దాని వల్ల న్యాయం చెప్పేవారు లేకుండా పోయారు; నేరస్థుడు, న్యాయమూర్తి, జైలు అధికారి ముగ్గురూ ఆయనే అయ్యారు. అలాంటి చోట శిక్షకు గడువు ఎవరు పెట్టాలి?

పంచాయితీ

లిట్జ్ బృందం రూపొందించిన చికిత్సలో ఒక భాగం ఉంది. రోగి తాను గౌరవించే, తన మేలు కోరే ఒక పెద్దను ఊహించుకొని, జరిగింది ఆ పెద్దకు చెప్పి, ఆ పెద్ద ఏమంటారో ఆ గొంతుతో తానే చెప్పాలి. ఎవరిని ఊహించుకుంటారని అడిగితే కమాండింగ్ ఆఫీసరును అనలేదు, దేవుణ్ణీ అనలేదు. “మా జేజినాయన,” అన్నారు, అంటే తాత. ఊళ్లో గొర్రెల తగాదాలు, గట్టు తగాదాలు వేపచెట్టు కింద తీర్చిన మనిషి. చిన్నప్పుడు ఆ కట్ట పక్కన కూర్చొని ఎన్నో పంచాయితీలు విన్నారట.

అక్కడ నేను ఆయన్ను చాలాసేపు మాట్లాడనిచ్చాను, ఎందుకంటే చికిత్సకు కావలసిన నిర్మాణం అందులోనే కనిపించింది. అక్కడ ఇద్దరి మాటా వింటారు. తప్పెవరిదో, ఎంతో తేలుస్తారు. తప్పు కట్టిస్తారు – ఇన్ని గొర్రెలు, ఇంత డబ్బు, ఇన్నాళ్లలోగా. కట్టాక అందరూ కలిసి తింటారు. ఆ తరువాత ఆ సంగతి ఎత్తినవాడిదే తప్పు. ఈ పంచాయితీలు ఆడవాళ్లకూ బలహీనులకూ చేసిన అన్యాయాలు నాకు తెలియనివి కావు, వాటి బాధితులనూ చూస్తుంటాను. నేను తీసుకున్నది వాటి క్రమాన్ని మాత్రమే: విచారణ, వాటా తేల్చడం, గడువున్న శిక్ష, కలుపుకోవడం. ఆయన జీవితంలో మొదటి రెండూ జరగలేదు, మూడోది గడువు లేకుండా జరుగుతోంది, నాలుగోది రానే రాదు.

ఖాళీ కుర్చీ ఎదురుగా పెట్టి, జేజినాయనకు చెప్పించాను. తరువాత కుర్చీ మారి జేజినాయనగా మాట్లాడమన్నాను. తన గొంతుతో మాట్లాడినప్పుడు వాక్యాలు ముక్కలుగా వచ్చాయి. జేజినాయన గొంతుతో మాత్రం ఆగకుండా వచ్చాయి: “రేయ్, కంచె చూసి చెప్పకపోతివి. అది నీ తప్పు, కాదనొద్దు. పాతర పెట్టమన్నోడు నువ్వు కాదు, గాలి నువ్వు కాదు. నీ తప్పెంతో అంతే మొయ్. నీది కానిది గూడా నెత్తినేసుకొని పెద్దమనిషి మాదిరి తిరగొద్దు.” కొన్ని వారాల ముందు కారణాల కాగితంలో మేము చెప్పబోయినదే ఇది. అప్పుడు నిలవనిది ఇప్పుడు నిలిచింది. కారణం, ఇందులో మొదటి వాక్యం తప్పును ఒప్పుకుంది.

శిక్ష ఏమిటన్న దగ్గర జాగ్రత్త అవసరమైంది. మొదట పెన్షన్ మొత్తం ఏదైనా అనాథాశ్రమానికి ఇచ్చేస్తానన్నారు. అది భార్యకూ కొడుకుకూ పడే శిక్ష, పైగా పాత శిక్షకే మరో రూపం. ఆ పల్లెకు వెళ్లి పిల్లవాడి తండ్రిని వెతికి కాళ్ల మీద పడతానన్నారు. దీని గురించి మేము ఎక్కువ ఆలోచించాం. క్షమాపణ అడిగే హక్కు ఆయనకు ఉంది. కానీ ప్రమాదమని నమ్మి, ఇరవై ఏళ్లలో దుఃఖంతో ఏదో ఒక విధంగా సర్దుకున్న కుటుంబానికి హఠాత్తుగా ఒక కారకుణ్ణి చూపించడం ఎవరి బరువు దించడానికి? అది వాళ్లు కోరినది కాదు. ఈ ప్రశ్న ఆయన ముందే పెట్టాను. వారం తరువాత వచ్చి, “వద్దు మేడమ్, అది నాకోసం,” అన్నారు. దానికి బదులు ఆ పిల్లవాడికే ఉత్తరం రాశారు. పంపే ఉత్తరం కాదు. శకర్‌పారాల గురించి ఒక పేజీ అంతా ఉంది.

చివరికి ఆయనే కుదుర్చుకున్న తప్పు ఇది: ఉగాది నుంచి మళ్లీ ఉగాది దాకా, ఏడాదిపాటు, ప్లాంటు చుట్టుపక్కల పల్లెల్లో మేకలు, గొర్రెలు కాసేవాళ్ల దగ్గరికి వెళ్లి కంచె లోపల కరెంటు కేబుళ్ల ప్రమాదం గురించి చెప్పడం, కంచె తెగిన చోటల్లా అదే రోజు ప్లాంటువాళ్లకు తెలియజేయడం, చదువు రానివాళ్లకూ అర్థమయ్యేలా బొమ్మల బోర్డులు పెట్టించడం. ఉద్యోగంగా కాదు, జీతం లేకుండా. గడువు ముందే పెట్టించాను, సుబేదారు ఎదుట చెప్పించాను. తరువాత కూడా ఆ పని చేయాలనుకుంటే చేయవచ్చు, అప్పుడది శిక్ష కాదు. ఇంకో షరతు: తప్పు కడుతున్నంత కాలం వేరే శిక్ష ఉండకూడదు. ఒక తప్పుకు రెండు దండుగలు వేయరు కదా అంటే ఆయన ఒప్పుకున్నారు. ఆ రాత్రి నుంచి మంచం మీద పడుకున్నారు.

భార్యకు చెప్పడం

భార్యకు చెప్పాలా వద్దా అన్న నిర్ణయం ఆయనదే. చెప్పమని నేను ఒత్తిడి చేయలేదు. చెబితే వచ్చే పర్యవసానాలు ముందుగా మాట్లాడుకున్నాం, ఆమెను కూడా విడిగా కలిసి ఒక కష్టమైన సంగతి వినడానికి సిద్ధమా అని అడిగాను. చెప్పాక ఆమె అన్నది: “ఇన్నాళ్లూ నా మీద కోపమనుకుంటి.” ఇరవై ఏళ్ల కాపురంలో ఆయన దూరానికి ఆమె తనలో కారణాలు వెతుక్కుంది. సైనికుల భార్యలను విడిగా కూర్చోబెట్టి అడగనిదే ఇలాంటివి తెలియవు. ఆమెకూ కొన్నాళ్లు కౌన్సెలింగ్ అవసరమైంది.

నేర్చుకున్నది, మిగిలినది

అపరాధ భావంతో వచ్చిన మనిషి దగ్గర మొదట తేల్చుకోవాల్సింది, అందులో నిజమెంత అన్నది. పూర్తిగా లేనిదైతే దాన్ని సడలించాలి. కొంత ఉన్నదైతే ఆ కొంతను ఒప్పుకొని, మిగతాదాన్ని వేరు చేయాలి. ఒప్పుకోవడం ముందు జరగాలి, వేరు చేయడం తరువాత. ఈ వరుస తప్పితే అవే మాటలు పనిచేయవు. ఒప్పుకునే అధికారం ఎవరికి ఉందో వెతకాలి. అది తరచు వైద్యుడికి ఉండదు. శిక్షను రద్దు చేయబోయే బదులు దానికి రూపం, హద్దు, గడువు ఇవ్వవచ్చు. పంచాయితీ క్రమం అందరికీ సరిపోతుందని నేను అనను. అదే పంచాయితీలో నలిగిన కుటుంబం నుంచి వచ్చిన రోగికి ఇది హాని చేస్తుంది. ఇంకొకరికి దర్గాలో మొక్కుబడో, చర్చిలో ఒప్పుకోలో దగ్గరగా ఉండవచ్చు. ఏది ఆయనదో ఆయన్నే అడగాలి.

ఆయన ఏడాది గడువు పూర్తయింది. ఉగాది రోజు సుబేదారును ఇంటికి పిలిచి అందరితో కలిసి, అందరితోపాటే తిన్నారు. తాగుడు మానేశారు, మధ్యలో రెండుసార్లు జారారు, రెండుసార్లూ తానే ఫోన్ చేసి వచ్చారు. సెర్ట్రలిన్ కొనసాగుతోంది, వచ్చే చలికాలం గడిచాక తగ్గించాలన్న ఆలోచన ఉంది. తుపాకీ స్టేషన్‌లోనే ఉంది, దాన్ని తిరిగి తెచ్చుకోవాలని ఆయనా అడగలేదు. మేకల మెడ గంటలు వినిపిస్తే ఇప్పటికీ చేస్తున్న పని ఆగిపోతుంది. మనవణ్ణి ఎత్తుకుంటారు, అయితే కూతురు గదిలో ఉన్నప్పుడు ఇంకా తడబాటు ఉంది.

కూతురికి చెప్పాలా అన్నది తేలలేదు. సర్వీసులో ఉండగా తెలిసిన పిల్లవాడు చనిపోయాడనీ, అది మనసులో పెట్టుకున్నాననీ మాత్రం చెప్పారు. ఆ సెలవు తన కోసమేనన్నది ఆమెకు తెలియదు. తెలిస్తే, తన పుట్టుకను ఒక మరణంతో ముడివేసుకునే ప్రమాదం ఉంది. తెలియకపోతే, తండ్రి తడబాటుకు తల్లిలాగే తనలోనే కారణం వెతుక్కునే ప్రమాదం ఉంది. పసిబిడ్డతో ఉన్న ఈ కాలంలో చెప్పవద్దని సలహా ఇచ్చాను, ఆయనా భార్యా అంగీకరించారు. బిడ్డ ఇంకొంచెం పెద్దయ్యాక ముగ్గురం కూర్చొని మళ్లీ మాట్లాడాలని ఫైల్లో రాసుకున్నాం.